పేటపేటకు నొక తోట



గత మాసమున పెరటి మడులను గూర్చి వ్రాసితిని. దానిని చదివిన సోదరీమణులు కొందరు, "మీరు పెరడు గలవారికి చెప్పితిరి. మూడవ అంతస్తున రెండు గదుల యద్దె యింట కాపురముండు మాకు పెరడెక్కడిది?" అని యడిగిరి. న్యాయమైన ప్రశ్న. పెరడు లేని యింటికి ఊరే పెరడు కావలెను. కావున ఈ మాసమున ఊరి తోటలను గూర్చి ముచ్చటింతము.

అమరకోశము చదివినవారికి జ్ఞప్తి యుండును. అమరసింహుడు తోటలను వాని యజమానులను బట్టి వేరుచేసి పేర్లు చెప్పినాడు. ఇంటి నంటి యుండునది నిష్కుటము. మంత్రుల యిండ్లయొద్ద నుండునది వృక్షవాటిక. రాజుదయ్యును అందరికి సాధారణమైనది ఆక్రీడము, లేదా ఉద్యానము. అంతఃపుర స్త్రీల విహారమునకు తగినది ప్రమదవనము. చిన్నతనమున మా తండ్రిగారు వల్లె వేయించునప్పుడు ఒక్క తోటకు ఇన్ని పేర్లేల యని విసుగుకొనెడిదానను. ఇపుడు ఆలోచింపగా ఆ పట్టికలో గొప్ప విషయమే యున్నదని తోచుచున్నది. తోట యెవరిది, అందులోనికి ఎవరు పోవచ్చును అనునదే దాని పేరును నిర్ణయించినది.

మరి నేటి మునిసిపాలిటీవారి పార్కు ఈ పట్టికలో దేనిక్రిందికి వచ్చును? పేరునకు అందరిది. సాయంకాలము అయిదు గంటలకు పోయి చూడుడు. బల్లలమీద పింఛను పుచ్చుకొన్న పెద్దమనుష్యులు కూర్చుండి రాజకీయములు మాటలాడుచుందురు. నడుమనున్న మైదానమంతయు క్రికెట్టు ఆడు మగపిల్లలది. ఒక మూల చంటిపిల్లవానిని జారుడుబల్ల యెక్కించుచు ఒక తల్లి నిలువబడి యుండును. ఆమె కూర్చుండుటకు చోటు లేదు. పూర్వము ప్రమదవనమునకు గోడ కట్టి స్త్రీలను లోపల నుంచిరి. ఇప్పుడు ద్వారము తెరచియే యున్నది, స్త్రీలు మాత్రము వెలుపల నున్నారు.

మన చిన్న పట్టణములలో పార్కునకు సొమ్ము వచ్చినప్పుడు సాధారణముగా జరుగునది ఇది. ఊరి వెలుపల, పెద్దరోడ్డు ప్రక్కను, నాలుగైదెకరముల స్థలము చూతురు. చుట్టును గోడ, ముందొక కమాను, నడుమ నీళ్లు చిమ్ము ఫౌంటెను, దాని ముందర మనిషెత్తు ఆంగ్లాక్షరములతో ఊరి పేరు. ప్రారంభోత్సవము వైభవముగా జరుగును. ఆరు మాసములలో ఫౌంటెను ఎండిపోవును. అచ్చటికి పోవలెనన్న ఆటోకు పోను రాను కూలి ఇయ్యవలెను. మాసమునకొకసారి, ఆదివారమునాడు, ఇంటిల్లిపాది పోయి వచ్చుటకు అది బాగుగనే యుండును. కాని ప్రతిదినమును సంసారమునకు ఉపయోగపడు తోట యది కాదు. చంటిబిడ్డను చంకన బెట్టుకొని, మోకాళ్ల నొప్పులుగల అత్తగారిని చేయి పట్టుకొని, పొయ్యిమీద పప్పు ఉడుకులోపల పోయి రాగలిగినదే నా దృష్టిలో ఊరి తోట.

లెక్కలు చెప్పిన మా యింటివారు సంతోషింతురు గనుక ఒక లెక్క చెప్పెదను. కేంద్ర ప్రభుత్వమువారి 2014 నాటి పట్టణ ప్రణాళికా మార్గదర్శక సూత్రములలో మనిషి యొక్కంటికి 10 మొదలు 12 చదరపు మీటర్ల వరకు ఖాళీస్థలము ఉండవలెనని యున్నది. అనగా ఒక చిన్న గదియంత. లక్ష జనాభాగల ఊరికి తక్కువ లెక్కను చూచినను ఇది సుమారు 250 ఎకరములగును! నాలుగెకరముల పార్కొకటి కట్టి మురిసిపోవు ఊరు ఆ దరికి ఎన్నటికి చేరును? ఒక్కచోట అంత నేల ఎవరును ఈయలేరు. చెరువుగట్టు, కాలువయొడ్డు, బడి మైదానము, గుడి ముంగిలి, కాలనీల నడుమ విడిచిన తుండ్లు, ఇవన్నియు కూర్చుకొనిన గాని ఆ లెక్క కొంతయైనను నిండదు. కావున చిన్నవి, చేరువనున్నవి, అనేకములు కావలెను. ఈ మాటకు నిదర్శనముగా ఒక దూరదేశపు నగరము కథ చెప్పెదను.

హాలండు దేశమున ఆమ్‌స్టర్‌డామ్ నగరము రెండవ ప్రపంచయుద్ధములో మిక్కిలి నలిగిపోయినది. యుద్ధము ముగియుసరికి ఇండ్లు చాలవు, ఉన్నవి ఇరుకు, పిల్లలు హెచ్చుగ పుట్టుచున్నారు. వారు ఆడుకొనుటకు వీధి తప్ప వేరు చోటు లేదు. అప్పుడు నగరనిర్మాణశాఖలో యాకోబా మూల్డర్ అను నొక విదుషి పనిచేయుచుండెను. పేటపేటకు నొక చిన్న ఆటస్థలము ఉండవలెనను తలంపు ఆమెది. ఆ శాఖలోనే అప్పుడప్పుడే చేరిన ఆల్డో వాన్ ఐక్ అను యువ శిల్పికి ఆ పని నప్పగించిరి. 1947లో బెర్టెల్‌మాన్‌ప్లైన్ అను చిన్న చౌకములో మొదటిది ఏర్పడెను. అందులో ఏమున్నవి? ఇసుక పోసిన గుంట, దాని చుట్టును తల్లులు కూర్చుండదగిన వెడల్పుగల అంచు, పిల్లలు పల్టీలు కొట్టుటకు ఇనుప కమ్ములు, కొన్ని చెట్లు, కొన్ని బల్లలు. ఇంతియే. ఏనుగు బొమ్మలు లేవు, జిరాఫీలు లేవు. ఏనుగు బొమ్మ ఏనుగుగా మాత్రమే యుండును గాని, ఉత్త కమ్మి పిల్లవాని యూహను బట్టి గుఱ్ఱమగును, ఓడయగును, దుకాణమగును.

తరువాత జరిగినదే నాకు మిక్కిలి నచ్చినది. ఒక పేటలో ఆటస్థలము వెలసినదని విని, ప్రక్కపేటవారు "మా వీధిమూల కూడ ఇట్టి ఖాళీ తుండున్నది, మాకును కట్టింపుడు" అని నగరమువారికి ఉత్తరములు వ్రాయసాగిరి. ఉత్తరము వచ్చిన చోటికి మనిషి పోయి నేలను చూచి, దాని ఆకారమునకు తగినట్లు ఏర్పాటు చేసెడివాడు. కూలిన యింటి నివేశనమో, రెండు గోడల నడిమి సందో, ట్రాము మలుపు తిరుగు త్రికోణమో, ఏదియు పనికిరానిది కాకపోయెను. ఈ విధముగ 1978 వరకు 700లకు పైగా ఆటస్థలములు ఏర్పడెను. వానిలో అనేకములు తరువాత మార్పుచెందినవి, కొన్ని నేటికిని నిలిచియున్నవి. మూల్డరమ్మ కాలక్రమమున ఆ శాఖకే అధిపతి యయ్యెను.

ఇసుకగుంట మన ఊళ్లలో కుదురునా యని మీరు అడుగుదురు. నేనును అదే యనుకొంటిని. వీధికుక్కలును పిల్లులును దానిని వేరొక పనికి వాడుకొనును. కంచె వేసి రాత్రులందు మూతపెట్టుకొను పేటలో తప్ప వలదనియే నా యభిప్రాయము. మనము గ్రహింపవలసినది ఇసుకను గాదు, ఆ పద్ధతిని.

ఇట్టి పని ఆడవారి చేతిమీదుగ జరుగుట అంతకుముందును కలదు. 1914లో మన దేశమునకు వచ్చి, పిమ్మట పదేండ్లలో అనేక పట్టణములను కాలినడకన చూచి నివేదికలు వ్రాసిన పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుని పేరు కొందరు వినియుందురు. పాత వీధులను పడగొట్టి తిన్నని రోడ్లు వేయు ఇంజనీర్లను ఆయన మందలించి, ఉన్న యిండ్లను కాపాడుచు నడుమనడుమ పాడుపడిన తుండ్లలో చెట్లు నాటి గాలి యాడజేయుడని చెప్పెడివాడు. ఇండియాకు రాకపూర్వమే తన ఎడింబరో నగరమున ఆయన బృందమువారు పాతపేట యంతయు తిరిగి, చెత్త పడవేయు ఖాళీ తుండ్లను లెక్కింపగా, అన్నియు కలిసి సుమారు 10 ఎకరములైనవి. వానిలో కొన్నిటిని తోటలుగా మార్చు పనిని నడపినది ఆయన కొమార్తె నోరా. అప్పటికామెకు ఇరువదియేండ్లు దాటి ఎంతో కాలము కాలేదు. ఇరుకు ఇండ్ల పిల్లలచేతనే మొక్కలు నాటించెను. పాడుతుండ్లను నడచి లెక్కపెట్టుటకు ఖజానా అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక పెన్సిలు చాలును.

ఇక మన వాతావరణమునకు వత్తము. పరదేశపు బొమ్మలు చూచి మనవారు చేయు గొప్ప పొరపాటు పచ్చికబయలు. అచ్చట ఎండ కొరకు జనులు మొగము వాచియుందురు. మనకు కావలసినది నీడ. వైశాఖమాసమున ఊరివారికి త్రాగునీరు దినము విడిచి దినము వచ్చుచుండగా, ఎవరును అడుగుపెట్టగూడని పచ్చికకు గొట్టముతో నీళ్లు పట్టుట నాకు చూడ మనసొప్పదు. దానిపై "పచ్చిక త్రొక్కరాదు" అను పలక యొకటి! ఆ నీటిలో నాల్గవవంతుతో నాలుగు వేపచెట్లు పెరుగును, వానిక్రింద నలుబదిమంది కూర్చుందురు.

చెట్టునకు మొదట సిమెంటు పూయుట మరియొక వింత. మొదలంట పలకలు పరచి, చుట్టును గుండ్రని గట్టు కట్టి రంగులు వేయుదురు. వేరునకు నీరెక్కడినుండి దిగును? ఢిల్లీ నగరమున చెట్ల మొదళ్ల చుట్టును ఒక మీటరు మేర సిమెంటు తొలగింపవలెనని జాతీయ హరిత న్యాయస్థానమువారు 2013లో ఆజ్ఞాపించిరి. ఢిల్లీ చెట్టునకు దాహమైనప్పుడు మన చెట్టునకు కాదా?

మరి వేళల మాట. అనేక పార్కులు ఉదయము తొమ్మిది పది గంటలకు మూసి, సాయంకాలము నాలుగు గంటలకు గాని తెరువరు. ఆఫీసులకు పోవువారి కాలమును బట్టి పెట్టిన వేళలివి. ఇంటి స్త్రీకి ఎప్పుడు తీరిక? తెల్లవారుజామున పాలు, కాఫీ, పిల్లల డబ్బాలు. సాయంకాలము మరల వంట, పిల్లల చదువులు. రెండు గంటలకు అంట్లు తోమి కొంగుతో చేతులు తుడుచుకొన్న పిమ్మట నాలుగింటివరకు ఆమె కాలము ఆమెది. సరిగా ఆ వేళకే తోటకు తాళము! దట్టమైన నీడ, త్రాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఆనుకొనుటకు వీపుగల బల్ల, ఈ నాలుగును ఉండి మధ్యాహ్నము తలుపు తీసియుండిన, కుట్టుపని పట్టుకొని అయిదారుగురు స్త్రీలు అచ్చట చేరుదురు. స్త్రీలు కూర్చుండిన చోటికి పిల్లలు వత్తురు. స్త్రీలు, పిల్లలు ఉన్నచోట పోకిరీలు నిలువరు. కావలివాడు చేయలేని పని ఒక ముసలమ్మ చేయును. మరుగుదొడ్డి మాట సభలలో ఎత్తుటకు మనవారు సిగ్గుపడుదురు. ఆ యొక్క వసతి లేకయే ఎందరు తల్లులు గడియలోపల పిల్లలను ఇంటికి లాగుకొని పోవుచున్నారో ఎరిగినవారికి ఆ సిగ్గు నిలువదు.

ఆడపిల్లల సంగతి వేరుగ చెప్పవలసి యున్నది. వియన్నా నగరమువారు 1996-97 సంవత్సరములలో తమ పార్కులకు వచ్చు పిల్లలను పరిశీలింపగా, తొమ్మిదేండ్లు దాటిన పిమ్మట మగపిల్లలు మునుపటివలెనే వచ్చుచుండగా, ఆడపిల్లల సంఖ్య మాత్రము ఒక్కసారిగా పడిపోవుచున్నదని తేలినది. పార్కు నడుమ నున్న పెద్ద మైదానమును మగపిల్లలు ఆక్రమింతురు. వారితో పోటీ పడుటకంటె విడిచిపోవుట మేలని ఆడపిల్లలు విడిచిపోవుచుండిరి. అప్పుడు నగరమువారు అయిదవ విభాగమున రెండు పార్కులను మార్చి కట్టిరి. ఒక్క పెద్దబయలును చెట్లతో, పొదలతో చిన్న చిన్న బయళ్లుగా విడదీసిరి. లోనికి వచ్చుటకు దారులు పెంచిరి. బంతియాటకు తోడు వాలీబాలు, బ్యాడ్మింటను ఆడుటకు వేరు చోట్లు ఏర్పరచిరి. కొలది కాలములోనే ఆడపిల్లలు మరల వచ్చిరి. ఎవరిని వెడలగొట్టలేదు, ఏ పలకయు కట్టలేదు.

మన ఊళ్లలో ఆ తొమ్మిదేండ్ల గీత ఇంకను స్పష్టముగ కానవచ్చును. ఎనిమిదేండ్ల వరకు బొంగరములాడి, చెట్లెక్కిన పిల్లను పదవయేట "ఇక చాలు, లోపలికి రా" అందుము. ఆమె ఎముకలు బలపడవలసిన వయస్సు అదియే. అందులకు తల్లులను నిందించుట సులభము. నేనును ఒక ఆడపిల్ల తల్లినే. దీపము లేని చోటికి, ఒక్కటే ద్వారముగల చోటికి, పెద్దమగపిల్లలు గుంపుగ నుండు చోటికి పిల్లను ఎట్లు పంపుదును? తోటను మార్చక తల్లి మనసు మార్చుమనుట న్యాయము కాదు.

ఇంతవరకు ఉన్న తోటలను గూర్చి చెప్పితిని. ఉండవలసిన తోట మాయమగుట వేరొక కథ. మన తెలుగు రాష్ట్రములలో క్రొత్తగా ఇండ్లస్థలముల లేఅవుటు వేయువారు మొత్తము నేలలో నూటికి 10 వంతులు ఖాళీస్థలముగా విడిచి, దానపత్రము వ్రాసి మునిసిపాలిటీకి అప్పగింపవలెను. పటములో అది ఆకుపచ్చరంగుతో అందముగ నుండును. మా పేట కావలనున్న యొక కాలనీ సంగతి చూడుడు. స్థలములు అమ్ముచున్నప్పుడు పటములో పార్కు కలదు. ముందు నీళ్లట్యాంకు వచ్చినది. నీరు కావలెను గదా యని యందరు ఊరకుండిరి. పిమ్మట రేకులషెడ్డు, తాత్కాలికమనిరి. పిదప చిన్న మందిరము. దైవకార్యమునకు అడ్డుపడినవారను అపకీర్తి ఎవరికి కావలెను? తక్కినది యొకరి లారీలు నిలుపుకొను చోటైనది. ఆ కాలనీ పిల్లలు ఇప్పుడు రోడ్డుమీద ఆడుచున్నారు. గత వేసవిలో మోటారుసైకిలు తగిలి ఏడేండ్ల పిల్ల కాలు విరిగినది. ఆ బండి నడపినవానిని అందరు తిట్టిరి. ఆ పటమును ఎవరును బయటికి తీయలేదు.

దేవుడు తోటలోని చెట్టుక్రింద నుండుటకు అభ్యంతరము చెప్పడు. తోటను తీసి తనకు మందిరము కట్టుమని ఏ పురాణమునందును అడిగినట్లు నేను చదువలేదు. సప్తసంతానములను లెక్కించినప్పుడు మన పెద్దలు దేవాలయమును ఒకటిగా, వనమును వేరొకటిగా చెప్పిరి. ఒకదానిని మ్రింగి మరియొకటి పెరుగవలెనని చెప్పలేదు.

మంచి కట్టడములే తోటలను తినివేయుననుటకు హైదరాబాదు బాగె-ఆమ్ సాక్షి. 1846లో వెలసిన ఆ సర్వజనోద్యానములో నేడు శాసనసభ, పురావస్తు ప్రదర్శనశాల, జూబిలీ హాలు నిలిచియున్నవి. ప్రతియొక్కటియు ఘనమైనదే, అందుచేతనే ఎవరికిని కాదనుటకు నోరు రాదు.

చట్టము మాత్రము మన పక్షమున నున్నది. బెంగళూరులో నొక లేఅవుటునందు పార్కునకై ఉంచిన స్థలమును ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చుట చెల్లదని సుప్రీముకోర్టువారు 1991లో తీర్పు చెప్పిరి. ఆసుపత్రి చెడ్డదా? కాదు. కాని ప్రజల గాలికి, పిల్లల ఆటకు ఉంచిన నేలను అధికారులు తమ యిష్టమువచ్చిన వారికి మరలించుటకు వీలులేదని ధర్మాసనమువారి నిర్ణయము. ఆ వ్యాజ్యమునకు మూలము ఆ పేటలో కాపురముండు గృహస్థులే.

1992లో చేసిన రాజ్యాంగ సవరణచేత పార్కులు, తోటలు, ఆటస్థలములు మునిసిపాలిటీలకు అప్పగింపదగిన పనులలో చేరినవి. ఆ సవరణచేతనే పురసభలలో మూడవవంతునకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు ఏర్పడినవి. మీ వార్డు సభ్యురాలు స్త్రీయే యైయుండవచ్చును. ఆమె తరఫున భర్తగారు మాటలాడుట కొన్నిచోట్ల చూచుచున్నాము. అర్జీ మాత్రము ఆమె చేతికే ఇయ్యుడు, సమాధానమును ఆమెనే అడుగుడు.

అర్జీ వ్రాయుటకు ముందు, ఇద్దరు ముగ్గురు కలిసి మీ యింటినుండి పది నిమిషముల నడకలో నున్న ఖాళీ నేలలనన్నిటిని ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఒక్కొక్కదానియెదుట, నీడ గలదా, నీరు గలదా, రాత్రి దీపము గలదా, ఎవరు వాడుచున్నారు అని వ్రాయుడు. బడి మైదానములను మరువకుడు. బడి విడిచిన పిమ్మట, సెలవుదినములలోను వానికి తాళము వేయుదురు. సాయంకాలము రెండు గంటలు వీధిపిల్లలకు తెరచుటకు కావలసినది ఒక కావలివాడును, ప్రధానోపాధ్యాయుని సమ్మతియు. ఈ మాట మా యింట చెప్పగా, అద్దాలు పగిలిన నెవరిది బాధ్యత యని మా యింటివారు అడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే, దానికి పేటవారు ముందుగనే సమాధానము సిద్ధము చేసికొని పోవలెను. లేఅవుటు పటము కావలసినచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద మునిసిపాలిటీని అడుగవచ్చును. 30 దినములలో సమాధానము ఈయవలసియుండును. పటములోని పార్కును నేలమీది దానితో పోల్చి చూచిన చాలును, మీ పేట తోట యెక్కడ నున్నదో, యెవరి దొడ్డిలో నున్నదో తెలియును.

మొక్కలు నాటదలచువారు జ్యేష్ఠమాసమునకు ముందే రెండడుగుల గోతులు త్రవ్వించి ఎండనిండు. ఆరుద్రకార్తెలో తడి పట్టిన పిమ్మట నాటుడు. వేప, కానుగ, నేరేడు మన నేలకు అలవాటుపడినవి. కానుగ ఎండలు ముదురుటకు ముందే క్రొత్తయాకు వేసి నీడ నిచ్చును. పొగడ నిదానముగ పెరుగును గాని పూలేరుకొను ఆడపిల్లలకు అంతకు మించిన చెట్టు లేదు. త్వరగా పెరుగునని కోనోకార్పసు నాటు ఆచారము కొంతకాలముగ వ్యాపించినది. దానిని నాటరాదని గుజరాతు ప్రభుత్వమువారు 2023లో నిషేధించిరి, మనమును దాని జోలికి పోరాదు. పది మొక్కలు నాటి ఫొటో తీయించుకొనుటకంటె మూడు నాటి, ఏ మొక్కకు ఏ యింటివారు నీరు పోయవలెనో పేరు వ్రాసి యుంచుట మేలు. మొదటి రెండు వేసవులు గడుచువరకు ఒక్కొక్క మొక్కకు రెండు దినములకొక బిందె నీరు చాలును. బియ్యము కడిగిన నీళ్లైనను పోయవచ్చును.